నేరం చేసిన పిల్లల విషయంలో చట్టం ఎన్ని దారులు తొక్కింది?

మీరు అడిగినవి రెండు. పూర్వం చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ ఒకే శిక్ష పడేది కదా, మరి పిల్లలకు వేరే కోర్టు, వేరే చట్టం ఎప్పుడు, ఎందుకు వచ్చాయి అన్నది ఒకటి. ఘోరమైన నేరం జరిగినప్పుడు చేసినవాడికి 16 ఏళ్లా, 26 ఏళ్లా అని చూడటం దేనికి, ఆ పాత పద్ధతికే వెళ్లిపోతే ఏం పోతుంది అన్నది రెండోది. నేను పిల్లల కేసులు వాదించడం మొదలుపెట్టి 20 ఏళ్లు దాటింది. ఈ రెండో ప్రశ్న నన్ను చుట్టాలు అడుగుతారు, తోటి లాయర్లు అడుగుతారు, బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు కోర్టు వరండాలో నిలదీసి అడుగుతారు. నిలబడ్డ చోట ఒక్క ముక్కలో చెప్పగలిగే జవాబు కాదిది. ఇక్కడ తీరిగ్గా రాసే వీలుంది కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

మీరు అనుకుంటున్న ఆ పాత పద్ధతి అసలు ఎక్కడా నికరంగా నడిచింది లేదు. పిల్లాడు వేరు అన్న సంగతి చట్టానికి మొదటి నుంచీ తెలుసు. తెలిసీ వాణ్ణి ఏం చేయాలో తేల్చుకోలేకపోవడమే ఈ చరిత్రంతా.

క్రీస్తు పూర్వం 450 ప్రాంతంలో రోమన్లు రాసుకున్న పన్నెండు పలకల చట్టం చూడండి. రాత్రిపూట పరాయివాడి పంటను దొంగతనంగా కోసుకుపోయినా, పశువులతో మేపినా పెద్దవాడికి మరణశిక్ష. అదే పని యుక్తవయసు రానివాడు చేస్తే కొరడా దెబ్బలు, పంట నష్టానికి పరిహారం. అంత కర్కశమైన చట్టం కూడా అక్కడ ఒక గీత గీసింది. తర్వాతి రోమన్ న్యాయవేత్తలు 7 ఏళ్ల లోపు పిల్లలకు నేరబుద్ధే ఉండదన్నారు. ఇంగ్లండ్ న్యాయస్థానాలు కూడా ఇలాంటి లెక్కే పెట్టుకున్నాయి. 7 ఏళ్ల లోపు ఏం చేసినా నేరం కాదు. 14 దాటితే పెద్దవాడి కిందే జమ. మధ్యలో ఉన్నవాడికి మంచీ చెడూ తెలియదనే అనుకోవాలి, తెలుసని రుజువు చేయాల్సిన బాధ్యత కేసు పెట్టినవాళ్లది. ఈ మధ్య వయసు గురించి లాటిన్‌లో ఒక సామెత లాంటి మాట ఉండేది. వయసు చాలకపోతే ఆ లోటును దుర్బుద్ధి పూడుస్తుంది అని దాని భావం. ఈ మాట గుర్తుంచుకోండి, ఈ కాలపు చట్టంలో మళ్లీ ఎదురవుతుంది.

ఆ మధ్య వయసులోనే దారుణాలన్నీ జరిగాయి. 17వ శతాబ్దంలో రెండు ధాన్యపు కొట్టాలకు నిప్పు పెట్టాడని ఒక 8 ఏళ్ల పిల్లాణ్ణి ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ అనే ఊళ్లో విచారించారు. వాడిలో కసి, పగ, యుక్తి మూడూ కనిపించాయని తీర్మానించి ఉరి తీశారు. ఈ కేసును 18వ శతాబ్దపు న్యాయవేత్త బ్లాక్‌స్టోన్ తన గ్రంథంలో ఉదాహరణగా ఎక్కించాడు. అలాగని ప్రతిసారీ ఉరి తీశారా అంటే, లేదు. 1748లో విలియం యార్క్ అనే 10 ఏళ్ల కుర్రాడు తనతో పాటు ఉంటున్న 5 ఏళ్ల పాపను చంపి పేడకుప్పలో పూడ్చాడు. మరణశిక్ష పడింది. విచారించిన జడ్జికి మనసొప్పక మిగతా జడ్జిల అభిప్రాయం అడిగాడు. పిల్లలు ఇంత ఘోరం చేసి తప్పించుకోవచ్చని లోకం అనుకుంటే ప్రమాదం, శిక్ష సరైనదేనని వాళ్లంతా చెప్పారు. చెప్పారే గానీ ఉరి మాత్రం వాయిదా పడుతూనే వచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత 1757లో, నౌకాదళంలో చేరాలన్న షరతు మీద రాజు క్షమాభిక్ష ఇచ్చాడు. శిక్ష కాగితం మీద ఉంది, అమలు చేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

దొంగతనాల కేసుల్లో ఈ తడబాటు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో అప్పట్లో ఒక ఇంట్లో 40 షిల్లింగులు, అంతకు మించి విలువైన సొమ్ము దొంగిలిస్తే ఉరి. జ్యూరీలో కూర్చున్నవాళ్లు ఏం చేసేవారంటే, పోయిన సొమ్ము ఎంత ఖరీదైనదైనా సరే 39 షిల్లింగులని రాసేవారు. ప్రమాణం చేసి కూర్చుని కావాలని అబద్ధపు లెక్క రాసేవారన్నమాట. 1801 నుంచి 1836 మధ్య లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో 14 ఏళ్ల లోపు పిల్లలు 103 మందికి మరణశిక్ష పడిందని పాత రికార్డులు వెతికినవాళ్లు లెక్క తేల్చారు. ఆ 103 మందిలో ఒక్కరినీ ఉరి తీయలేదు. హత్య కేసు అయితే మాత్రం ఆ కనికరం ఖాయం కాదు. 1831లో మెయిడ్‌స్టోన్‌లో జాన్ బెల్ అనే 14 ఏళ్ల కుర్రాణ్ణి హత్య చేశాడని జనం ముందు ఉరి తీశారు.

కాబట్టి ‘పాత పద్ధతి’ అంటే శిక్షల్లో సమానత్వం అనుకోకండి. అదొక లాటరీ. ఏ జడ్జి ఎదుట నిలబడ్డావు, ఏ జ్యూరీ దొరికింది, పైవాళ్లకు జాలి కలిగిందా లేదా అన్నదాని మీద ఒక పిల్లాడి ప్రాణం ఆధారపడేది. ఉరి తప్పినవాడు ఇంటికి పోయేవాడనీ కాదు. పెద్ద నేరస్థులతో ఒకే గదిలో జైలు, లేదంటే ఓడెక్కించి దేశాంతరం. ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలో పోర్ట్ ఆర్థర్ ఎదురుగా పాయింట్ ప్యూర్ అని పిల్లల కోసమే ఒక జైలు కట్టారు. 1834 నుంచి 1849 వరకు సుమారు 3,000 మంది మగపిల్లలు అందులో గడిపారు. 9 ఏళ్లవాళ్లు కూడా ఉన్నారు. రాయి చెక్కడం, చెప్పులు కుట్టడం నేర్పేవారు, మాట వినకపోతే ఒంటరి గదిలో పెట్టేవారు.

పెద్దవాళ్ల జైలు నుంచి పిల్లల్ని విడదీయాలన్న ఆలోచన అంతకు ముందే మొదలైంది. 1703లో పోప్ 11వ క్లెమెంట్ రోమ్‌లోని సాన్ మికేలేలో కుర్రాళ్ల కోసం దిద్దుబాటు గృహం పెట్టించాడు. అమెరికాలో 1825 జనవరి 1న న్యూయార్క్‌లో ఆరుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలతో ‘హౌస్ ఆఫ్ రెఫ్యూజ్’ తెరిచారు. ఫ్రాన్స్‌లో 1840లో మెట్రే అనే పల్లె దగ్గర వ్యవసాయ క్షేత్రం లాంటి సంస్కరణ కేంద్రం వచ్చింది. ఇంగ్లండ్‌లో మేరీ కార్పెంటర్ అనే ఉపాధ్యాయురాలు ఏళ్ల తరబడి పోరాడితే 1854లో సంస్కరణ పాఠశాలల చట్టం వచ్చింది. ఆవిడ అడిగింది పిల్లల్ని అసలు జైలు గడప తొక్కనివ్వొద్దని. పార్లమెంటు ఇచ్చింది మాత్రం, పాఠశాలకు పంపే ముందు కనీసం 14 రోజులు జైల్లో ఉంచాలన్న మెలికతో. తప్పు చేశాక ఎంతో కొంత నొప్పి ఉండాలని పెద్దలకు అనిపించింది. ఆ 14 రోజుల మెలిక పోవడానికి 1899 దాకా పట్టింది.

ఇక్కడో విషయం దగ్గరగా చూడాలి, ఎందుకంటే నా దృష్టిలో అసలు పొరపాటు ఇక్కడే మొదలైంది. ఈ గృహాలకు పంపేది నేరం చేసినవాళ్లను మాత్రమే కాదు. వీధిలో తిరిగేవాళ్లు, అడుక్కునేవాళ్లు, ఇంట్లో మాట విననివాళ్లు, అందరూ అందులోకే. ఎన్నాళ్లు ఉంచాలన్న గడువు కూడా ఉండదు. 1830ల చివర్లో ఫిలడెల్ఫియాలో మేరీ ఆన్ క్రౌస్ అనే అమ్మాయిని, చెప్పిన మాట వినడం లేదని సొంత తల్లే అలాంటి గృహంలో పెట్టించింది. నా కూతుర్ని విచారణ లేకుండా ఎలా బంధిస్తారని తండ్రి కోర్టుకెక్కాడు. పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఏమందంటే, అది జైలు కాదు, బడి. బడిలో పెట్టడానికి విచారణ ఎందుకు? కన్నవాళ్లు సరిగా పెంచలేనప్పుడు రాజ్యమే తల్లీ తండ్రీ అవుతుంది.

రాజ్యమే కన్నతండ్రి అన్న ఈ మాట వినడానికి ఎంత చల్లగా ఉందో చూశారా. తండ్రి బిడ్డను గదిలో పెట్టి తాళం వేస్తే వకీలును పిలుస్తామా? పిలవం. మరి రాజ్యం తండ్రయితే వకీలెందుకు, సాక్ష్యమెందుకు, అప్పీలెందుకు? తర్వాతి 130 ఏళ్ల పాటు పిల్లల న్యాయం ఈ తర్కం మీదే నడిచింది.

1899లో ఇల్లినాయ్ రాష్ట్రం చేసిన చట్టంతో షికాగోలో పేరుకు తగ్గ బాలల కోర్టు వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందే, 1895లో, దక్షిణ ఆస్ట్రేలియా పిల్లల విచారణలు వేరుగా జరపాలని చట్టం చేసింది. నార్వే అయితే 1896 చట్టంతో పిల్లల్ని కోర్టు నుంచే తప్పించి స్థానిక సంరక్షణ మండళ్లకు అప్పగించింది. అయినా లోకమంతా అనుకరించింది షికాగోనే. దాని వెనక జేన్ ఆడమ్స్, లూసీ ఫ్లవర్, జూలియా లాత్రోప్ లాంటి మహిళల శ్రమ ఉంది. వాళ్ల మీద నాకు చాలా గౌరవం. జైళ్లలో తాగుబోతుల మధ్య పడుకున్న 10, 12 ఏళ్ల పిల్లల్ని కళ్లారా చూసి కదిలినవాళ్లు. జడ్జి ఎత్తైన ఆసనం దిగి బల్ల దగ్గర పిల్లాడి పక్కన కూర్చోవాలి, ఏం చేశావని కాదు, నీకేం కావాలని అడగాలి. ఇదీ వాళ్ల ఊహ. జైలుకు బదులు ప్రొబేషన్, అంటే ఇంట్లోనే ఉంచి ఒక అధికారి కనిపెట్టుకుని ఉండటం. ఆ పద్ధతికి కూడా ఆద్యుడు ఒక మామూలు మనిషే. బోస్టన్‌లో చెప్పులు కుట్టే జాన్ ఆగస్టస్ 1841 నుంచి కోర్టుకు వెళ్లి ముద్దాయిలకు సొంతంగా జామీను ఇచ్చి దారిలో పెట్టేవాడు. 1859లో పోయేలోగా 1,900 మందికి పైగా అలా బయటికి తెచ్చాడు. అందులో పిల్లలూ ఉన్నారు. 1925 నాటికి అమెరికాలో రెండు రాష్ట్రాల్లో తప్ప అన్నిచోట్లా బాలల కోర్టులు వచ్చేశాయి. ఇంగ్లండ్ 1908లో బాలల కోర్టులు పెట్టి, 16 ఏళ్ల లోపువాళ్లకు ఉరిశిక్షను రద్దు చేసింది. 1933లో దాన్ని 18 చేసింది.

అంత దయతో మొదలైన కోర్టు ఎక్కడికి చేరిందో జెరాల్డ్ గాల్ట్ కేసు చెప్తుంది. నా దగ్గరికి వచ్చే జూనియర్లకు నేను మొదట చదివించేది ఇదే.

1964 జూన్ 8. అరిజోనా రాష్ట్రం, గ్లోబ్ అనే చిన్న ఊరు. పొరుగింటావిడకు ఎవరో ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడారు. పోలీసులు 15 ఏళ్ల జెరాల్డ్‌ను, అతని స్నేహితుణ్ణి పట్టుకెళ్లారు. ఆ సమయానికి తల్లిదండ్రులిద్దరూ పనిలో ఉన్నారు. ఇంటి తలుపు మీద ఒక చీటీ కూడా పెట్టలేదు. సాయంత్రం తల్లి ఇంటికొచ్చి కొడుకు కనపడక వెతికిస్తే సంగతి తెలిసింది. మర్నాడు జడ్జి గదిలో విచారణ. ఫిర్యాదు చేసిన ఆవిడ రాలేదు. ఎవరిచేతా ప్రమాణం చేయించలేదు. ఎవరేం చెప్పారో రాసుకోలేదు. వకీలు లేడు. వారం తిరిగేసరికి తీర్పు వచ్చింది, మేజర్ అయ్యేదాకా, అంటే 21 ఏళ్లు నిండేదాకా ప్రభుత్వ పారిశ్రామిక పాఠశాలలో ఉండాలని. దాదాపు ఆరేళ్లు. అదే ఫోన్ కాల్ ఒక పెద్దవాడు చేసి ఉంటే? 5 నుంచి 50 డాలర్ల జరిమానా, లేదా మహా అయితే రెండు నెలల జైలు.

ఆ తీర్పు మీద అప్పీలుకు కూడా అరిజోనాలో దారి లేదు. వేరే దారిలో కేసు అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది. 1967లో జస్టిస్ ఫోర్టాస్ రాసిన తీర్పు సారాంశం ఇది. పిల్లాడైనంత మాత్రాన వాడికి ఉత్తుత్తి విచారణ సరిపోదు. మోపిన నేరమేమిటో ముందుగా చెప్పాలి, వకీలు ఉండాలి, సాక్షిని ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి, తన మీద తాను సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదని తెలియజేయాలి. ఏడాది ముందు కెంట్ కేసులోనే అదే కోర్టు ఒక అనుమానం బయటపెట్టింది. పిల్లలకు అటు పెద్దవాళ్ల హక్కులూ లేవు, ఇటు ఇస్తామన్న సంరక్షణా లేదు, రెంటికీ చెడుతున్నారేమో అని.

మీరు ప్రశ్నలో పిల్లల చట్టం అంటే వదిలేయడం అన్నట్టు రాశారు. గాల్ట్ కేసు చూశాక ఆ మాట నిలవదు. దయ పేరుతో పెద్దవాళ్లకంటే ఎక్కువ కాలం బంధించిన రోజులున్నాయి. నేను కూడా నా వృత్తిలో, ‘వాడి మంచికే కదా’ అన్న మాటతో బెయిలు తిరస్కరించడం ఎన్నోసార్లు చూశాను. ఆ మాట వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది.

హక్కులొచ్చాక అంతా సర్దుకుందా అంటే అదీ కాదు. వకీళ్లు, సాక్ష్యాలు, వాదనలు వచ్చి పిల్లల కోర్టు పెద్దల కోర్టులా తయారవుతుంటే ఇంకో వాదన బయల్దేరింది. విచారణ పెద్దవాళ్లలాగే జరుగుతున్నప్పుడు శిక్ష కూడా పెద్దవాళ్లలాగే ఎందుకు పడకూడదు? 1980ల చివర్లో అమెరికాలో కుర్రాళ్ల చేతిలో తుపాకులు, హత్యలు బాగా పెరిగాయి. 1995లో జాన్ డియూలియో అనే ప్రొఫెసర్ జాలీ దయా లేని కొత్త తరం నేరస్థులు ముంచుకొస్తున్నారని హెచ్చరించాడు. వాళ్లకు ‘సూపర్ ప్రిడేటర్లు’ అని పేరు పెట్టాడు. పేపర్లు, టీవీలు, నాయకులు ఆ పేరు పట్టుకున్నారు. దాదాపు అన్ని రాష్ట్రాలూ పిల్లల్ని పెద్దల కోర్టుకు తరలించడం సులభం చేస్తూ చట్టాలు మార్చేశాయి. నిజానికి ఆ మాట పుట్టే సమయానికే కుర్రాళ్ల హత్యా నేరాలు తగ్గడం మొదలైంది, తర్వాత వేగంగా పడిపోయాయి. 2012లో పిల్లల యావజ్జీవ శిక్షల కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, ఆ జోస్యం ఫలించలేదని చెప్పిన నిపుణుల నివేదన మీద డియూలియో కూడా సంతకం చేశాడు. అప్పటికే వేల మంది పెద్దల జైళ్లలో ఉన్నారు.

‘పాత పద్ధతికి వెళితే ఏం పోతుంది’ అన్న మీ రెండో ప్రశ్నకు జవాబు ఈ అనుభవంలోనే ఉంది. అది ఊహ కాదు, ఒక దేశం చేసి చూసిన ప్రయోగం. పెద్దల కోర్టుకు పంపిన పిల్లల్ని, అలాంటి నేరాలే చేసి పిల్లల కోర్టులో ఉండిపోయినవాళ్లతో పోల్చి చూసిన అధ్యయనాలన్నీ కూడగట్టి, 2007లో అక్కడి ప్రజారోగ్య నిపుణుల బృందం ఒకటి తేల్చి చెప్పింది. అలా పంపినవాళ్లు బయటికొచ్చాక హింసాత్మక నేరాలు తగ్గలేదు సరికదా, పెరిగాయని. పెద్ద ఖైదీల మధ్య నాలుగేళ్లు గడిపిన 17 ఏళ్లవాడు 21 ఏళ్లకు తిరిగొచ్చేది మన మధ్యకే. బాధిత కుటుంబాల కోపం న్యాయమైనదే. కానీ ఈ దారి రేపు ఇంకో కుటుంబాన్ని బాధిత కుటుంబంగా మారుస్తుందని నా నమ్మకం.

తొందరపాటు ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఇంకొక్క పేరు. జార్జ్ స్టిన్నీ, 14 ఏళ్ల నల్లజాతి బాలుడు, సౌత్ కరోలినా, 1944. ఇద్దరు తెల్లజాతి అమ్మాయిల హత్య కేసు. విచారణ ఒక్క రోజులో ముగిసింది. జ్యూరీ 10 నిమిషాలు ఆలోచించింది. అరెస్టయిన మూడు నెలల లోపే విద్యుత్ కుర్చీలో చంపేశారు. 2014లో, అంటే 70 ఏళ్ల తర్వాత, ఆ విచారణ చెల్లదని కోర్టు శిక్షను రద్దు చేసింది. 18 ఏళ్ల లోపు చేసిన నేరానికి మరణశిక్ష వేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 2005లో, అదీ అయిదుగురు జడ్జిలు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు నిలిచి.

ఇంగ్లండ్‌లో 1993లో ఇద్దరు 10 ఏళ్ల అబ్బాయిలు ఒక 2 ఏళ్ల పసివాణ్ణి ఎత్తుకెళ్లి చంపారు. తలుచుకుంటేనే కడుపులో దేవినట్టయ్యే కేసు అది. విచారణ ప్రెస్టన్‌లో పెద్దల కోర్టులో, కిక్కిరిసిన జనం ముందు జరిగింది. ముద్దాయిలు మరీ పొట్టిగా ఉండి బోనులోంచి ఏమీ కనపడటం లేదని బోను నేలను ఎత్తు చేయించారు. వాళ్ల సౌకర్యం కోసమే చేశారు. ఫలితం ఏమైందంటే, హాల్లో ఉన్న ప్రతి ఒక్కరి చూపూ వాళ్ల మీదే పడేలా అయింది. 1999లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఈ బోను సంగతిని ప్రత్యేకంగా ప్రస్తావించింది. వకీళ్లు చెవిలో చెప్పగలిగేంత దగ్గర్లో ఉన్నా, ఆ భయంలో, ఆ వాతావరణంలో ఆ పిల్లలు తమ వాదన తాము చెప్పుకోగలిగే స్థితిలో లేరు కాబట్టి న్యాయమైన విచారణ జరగలేదని తీర్పు చెప్పింది. ఈలోగా 1998లోనే ఇంగ్లండ్, 10 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లలకు మంచీ చెడూ తెలియదనే భావించాలన్న వందల ఏళ్ల నాటి సూత్రాన్ని ఎత్తేసింది. ఒక్క కేసు తెచ్చిన ఆవేశం అంత పాత గోడను కూల్చేసింది.

అదే దీవిలో ఉత్తరాన స్కాట్లాండ్ వేరే దారి పట్టింది. నా మటుకు నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి అదే, అందుకే కాస్త ఆగి చెప్తాను. 1964లో లార్డ్ కిల్‌బ్రాండన్ కమిటీ ఒక మాట గమనించింది. నేరం చేసి వచ్చిన పిల్లల ఇళ్లు, నిరాదరణకు గురై వచ్చిన పిల్లల ఇళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పెద్దగా లేదు. తాగుడు, తన్నులు, బడి మానేయడం, చూసేవాళ్లు లేకపోవడం రెండుచోట్లా ఉన్నాయి. 1968 చట్టం ప్రకారం 1971 నుంచి అక్కడ పిల్లల విషయం ముగ్గురు శిక్షణ పొందిన మామూలు పౌరులు బల్ల చుట్టూ కూర్చుని తేలుస్తారు. అసలు కిటుకు ఇంకోటుంది. నేను ఆ పని చేయలేదని పిల్లాడు అంటే ఆ ముగ్గురి ముందు వాదన నడవదు. చేశాడా లేదా అన్నది తేల్చడానికి జడ్జి దగ్గరికి వెళ్తుంది. అక్కడ సాక్ష్యం, వకీలు, అన్నీ ఉంటాయి. చేశాడని తేలాక, వాణ్ణి ఏం చేయాలన్నది మళ్లీ బల్ల దగ్గరికి వస్తుంది. జరిగిందా అన్నది ఒక ప్రశ్న, ఇప్పుడేం చేద్దాం అన్నది ఇంకో ప్రశ్న. షికాగో ఈ రెంటినీ కలిపేసింది, అందుకే గాల్ట్ బలయ్యాడు. బాగా ఘోరమైన నేరాలు స్కాట్లాండ్‌లో కూడా కోర్టుకే వెళ్తాయి, అది దాచక్కర్లేదు. న్యూజిలాండ్ 1989లో కుటుంబాన్నీ, బాధితులనూ ఒకచోట కూర్చోబెట్టే సమావేశాలను చట్టంలోకి తెచ్చింది. అక్కడి ఆదివాసులైన మావోరీల సంప్రదాయం నుంచి వచ్చిన ఆలోచన అది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక వచ్చింది. పిల్లల్ని బంధించడం ఆఖరి మార్గం కావాలి, అదీ వీలైనంత తక్కువ కాలం అని 37వ అధికరణం చెప్తుంది.

భారత్ చరిత్ర కూడా ఇదే బాటలో నడిచింది. నేరం చేసిన పిల్లల్ని పని నేర్చుకోవడానికి పంపే 1850 చట్టం, 1876, 1897 సంస్కరణ పాఠశాలల చట్టాలు, 1920లో మద్రాసు బాలల చట్టం. 1986లో దేశమంతటికీ ఒక చట్టం వచ్చినప్పుడు అబ్బాయిలకు 16, అమ్మాయిలకు 18 అని వయసు పెట్టారు. 2000లో ఇద్దరికీ 18 చేశారు. 2012 డిసెంబర్ ఢిల్లీ ఘటన తర్వాత వయసు తగ్గించాలని వీధులు హోరెత్తాయి. జస్టిస్ వర్మ కమిటీ తగ్గించొద్దంది. అయినా 2015 చట్టం మధ్యేమార్గం పట్టింది. 16 నుంచి 18 మధ్యవాళ్లు అతి తీవ్రమైన నేరం చేస్తే, ఆ పని చేయగల మానసిక, శారీరక సామర్థ్యం వాళ్లకుందా, పర్యవసానం తెలుసా అని జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా అంచనా వేస్తుంది. తెలుసని తేలితే పెద్దవాడిలా విచారించడానికి బాలల న్యాయస్థానానికి పంపొచ్చు.

మొదట్లో గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ మళ్లీ వచ్చింది. వయసు లోటును దుర్బుద్ధి పూడుస్తుంది! కొట్టాలు తగలబెట్టిన ఆ 8 ఏళ్లవాడిలో కసి, పగ, యుక్తి వెతికినట్టే ఇప్పుడు 16 ఏళ్లవాడిలో అవగాహన వెతుకుతున్నాం. నా అభ్యంతరం ఒక్కటే. తెలియడం వేరు, ఆపుకోగలగడం వేరు. లారెన్స్ స్టైన్‌బర్గ్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించింది ఇదే. తీరిగ్గా కూర్చోబెట్టి అడిగితే 16 ఏళ్లవాడు పెద్దవాడితో సమానంగా ఆలోచిస్తాడు. పక్కన స్నేహితులుండి, ఆవేశంలో ఉన్నప్పుడు వాడి ఆలోచన అంత దూరం పోదు, ఆ నిగ్రహం కుదరడానికి ఇరవైల్లోకి రావాలి. బోర్డు గదిలో, ఏసీ చల్లదనంలో, నెలల తర్వాత అడిగే ప్రశ్నలకు వాడు చెప్పే తెలివైన జవాబులు ఆ రాత్రి వాడి బుర్ర ఎలా ఉందో చెప్పవు. ఈ అంచనా సున్నితమైన పని, నిపుణుల సాయం కావాలని 2022లో సుప్రీంకోర్టు కూడా అంది.

చివరగా నా సొంత అనుభవం ఒకటి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక 13 ఏళ్ల అబ్బాయి కేసు. సెల్‌ఫోన్ దొంగతనం. విచారణ గదిలో మేజిస్ట్రేట్ చాలా మెత్తగా, ‘నీ మీద ఉన్న ఆరోపణ అర్థమైందా బాబూ?’ అని అడిగారు. వాడు తల ఊపాడు. అర్థమైందని రాసుకున్నారు. నేనూ పక్కనే నిలబడి ఉన్నాను, ఏమీ అనలేదు. బయటికొచ్చాక వరండాలో మెట్ల దగ్గర వాడు నా చొక్కా చెయ్యి పట్టుకుని అడిగాడు, ‘సార్, ఆరోపణ అంటే ఏంటి?’

ఆ రోజు నుంచి ఏ కేసులోనైనా లోపలికి వెళ్లే ముందు పిల్లాడితో కూర్చుంటాను. నేను చెప్పింది వాడి మాటల్లో నాకు తిరిగి చెప్పమంటాను. దొంగతనం అనకుండా ‘వాళ్లు నేను ఫోన్ తీశానంటున్నారు, నేను తీశానో లేదో ఇప్పుడు చూస్తారు’ అని వాడు చెప్పగలిగేదాకా లేవను. ఒక్కోసారి అరగంట పడుతుంది. కేసు పిలుస్తున్నారని బయట నుంచి కేకేస్తారు. ఇంకో అయిదు నిమిషాలు అడుగుతాను.